పురిటికి ముందుచూపు



గ్రంథాలయ రజతోత్సవ సభలో పురిటి ప్రసంగమేమని కొందరికి వింతగా తోచవచ్చును. గ్రామమునకు వలసిన జ్ఞానమును ఇంటింటికి చేర్చుటయే గ్రంథాలయ ధర్మము. కోడలు గాని కూతురు గాని నెల తప్పిన దినము మొదలు బిడ్డ చేతికి వచ్చు వరకు ఏమి చేయవలయును, ఏమి చేయరాదు అను జ్ఞానము అక్కరలేని ఇల్లు ఏ గ్రామమునందును లేదు.

పూర్వము తెలుగు గ్రామములందు పురుడనగా ఇంటి పురుడే. తొలికాన్పు పుట్టినింట జరుగుట ఆచారము. ఒక మూల గది, నులకమంచము, కాగు నిండ వేడినీళ్లు, మంత్రసాని: ఇంతియే ఏర్పాటు. ఆ మంత్రసానులలో గొప్ప నేర్పరులుండిరి. ఆంధ్ర సరిహద్దున కర్ణాటక రాష్ట్రములోనున్న పావగడ తాలూకాకు చెందిన సూలగిత్తి నరసమ్మగారు ప్రతిఫలము కోరక 15,000లకు పైగా కాన్పులు చేసి 2018లో పద్మశ్రీ పురస్కారము నందుకొనిరి. సూలగిత్తి అనగా కన్నడమున మంత్రసాని అనియే అర్థము. అట్టి చేతులకు నమస్కరింపవలసినదే.

కాని ఒక్కరి నేర్పును చూచి ఇంటి పురుడంతయు క్షేమమని తలచుట పొరపాటు. కొడవలితో బొడ్డు కోసి, దానిపై పేడయో బూడిదయో అద్దిన చోట్ల ఎందరో పసికందులు ధనుర్వాతమునకు బలియైరి. తల్లికి టీకా, బొడ్డు కోయుటకు శుభ్రమైన బ్లేడు, కట్టుటకు శుభ్రమైన దారము వాడుకలోనికి వచ్చిన పిదపనే ఆ పీడ తగ్గినది. తల్లులకును నవజాత శిశువులకును వచ్చు ధనుర్వాతమును ప్రజారోగ్య సమస్యగా భారతదేశము తొలగించుకొన్నదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను.

ఆసుపత్రి గోడలే తల్లిని కాపాడునని తలచుటయు అట్టి పొరపాటే. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో వైద్యవిద్యార్థులు పురుళ్లు పోసిన విభాగమున, మంత్రసానులు పోసిన విభాగముకంటె ఎక్కువమంది బాలింతలు సూతికాజ్వరముతో మరణించుచుండిరి. శవపరీక్ష చేసిన చేతులతోనే విద్యార్థులు పురిటిగదికి వచ్చుట ఇందుకు కారణమని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు గ్రహించెను. 1847 ఏప్రిల్ మాసమున ఆ విభాగమున నూటికి 18 మంది మరణింపగా, మే నెలలో సున్నపు క్లోరిన్ ద్రావణముతో చేతులు కడుగు నియమమును పెట్టిన పిదప జూన్ మాసమున ఆ సంఖ్య నూటికి రెండునకు దిగెను. ఇంటనైనను ఆసుపత్రినైనను తల్లిని కాపాడునది శుభ్రమైన చేయి, తెలిసిన చేయి, వేళకందు సహాయము.

భారతదేశమున 1992-93 సంవత్సరముల కుటుంబ ఆరోగ్య సర్వేనాటికి నూటికి 26 కాన్పులే ఆసుపత్రులలో జరిగెను. 2019-21 సర్వేనాటికి ఆ సంఖ్య దేశమున 89కి చేరినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములందు 96 దాటినది. 1997-98లో లక్ష జననములకు 398 మంది తల్లులు మరణింపగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు తగ్గెను. ఈ మేలును మరచువారు కృతఘ్నులు. అయినను దీనితోపాటు మరియొక మార్పును వచ్చినది. అదే 2019-21 సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్ శస్త్రచికిత్సతో జరిగినవి. ఇన్ని కోతలు నిజముగా అవసరమా అని అడుగువారిని, ఇంటివారి నడుమ సహజముగా కనవలెనని కోరు యువతులను, చాదస్తులని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. వారి కోరికకు సమాధానము కావలయును.

ఇంటి పురుడును పద్ధతిగా నడుపు దేశములు కలవు. ఇంగ్లండులో ప్రమాద సూచనలు లేని 64,000 మందికి పైగా గర్భిణులను గూర్చి జరిగిన పరిశీలన 2011లో ప్రకటింపబడెను. మునుపు కని యున్న స్త్రీల బిడ్డలకు ఇంటి పురిటివలన కీడు హెచ్చినట్లు కానరాలేదు. తొలిచూలు వారి విషయమున మాత్రము బిడ్డకు తీవ్రమైన కీడు ఆసుపత్రిలో వేయికి 5 చొప్పున నుండగా, ఇంట కనదలచిన వారికి 9 చొప్పున కలిగెను. ఆ తొలిచూలు వారిలో నూటికి 45 మందిని నడుమనో, కాన్పు ముగిసిన వెంటనేయో ఆసుపత్రికి తరలింపవలసి వచ్చెను. శిక్షణ పొందిన మిడ్‌వైఫులు, సిద్ధముగా నుండు వాహనము, శస్త్రచికిత్స జరుగు ఆసుపత్రి గల దేశపు మాట ఇది. ఇవి లేని గ్రామమున ఆ లెక్కను చూపి ఇంట కనుమని చెప్పుట సాహసము.

ఆ సాహసము ఎంతటిదో రక్తస్రావమును బట్టి తెలియును. మాయ పడిన పిదప గర్భాశయము గట్టిగా ముడుచుకొననిచో నెత్తురు ఆగదు. ఏ లోపమును లేని స్త్రీకి కూడ ఇట్లు జరుగవచ్చును. రెండు గంటలలో ప్రాణము పోవచ్చును. బిడ్డ పుట్టిన నిమిషములోపుననే ఇచ్చు ఆక్సిటోసిన్ సూదిమందు దీనిని చాలవరకు నివారించును. ఆ మందును చల్లని పెట్టెలో నిలువ ఉంచవలెను. రక్తహీనత గల తల్లి కొద్దిపాటి నెత్తురు పోయినను తట్టుకొనలేదు. తెలుగు రాష్ట్రములు రెండింటను గర్భిణులలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనులని ఆ సర్వేయే తెలుపుచున్నది.

కావున పురిటి ఆలోచన నొప్పులనాడు కాక తొలినెలలందే ఆరంభింపవలయును. శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడు నాళము గర్భము నిలిచిన 28 దినములకే మూసికొనును. అందుచే బిడ్డను కోరు స్త్రీ ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనుట మేలు. 12 వారములలోపుననే ఆరోగ్య కేంద్రమున పేరు వ్రాయించుకొని రక్తపోటు, రక్తవర్గము, హిమోగ్లోబిన్, చక్కెర, మూత్రము పరీక్ష చేయించుకొనవలెను. కాన్పులోపల ఎనిమిది పర్యాయములు పరీక్ష అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించెను. వేవిళ్లు సహజమే, కొంచెము కొంచెముగా పలుమారు తినినచో కొంత ఉపశమించును. మంచినీళ్లు కూడ కడుపున నిలువనిచో, నెత్తురు కనబడినచో, పొత్తికడుపున ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి వచ్చినచో ఆలసింపరాదు. మూడు నెలలు నిండిన పిదప ఇనుము మాత్రలను కాఫీ, తేనీరులతో కలపక 180 దినములు వాడవలెను. బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునని తిండి తగ్గించు దురాచారమును పెద్దలు మానవలెను.

ఐదవ నెల నాటికి ఇంటివారు కూర్చుండి కొన్ని సంగతులు తేల్చుకొనవలెను. కాన్పు ఎచ్చట? చేయువారెవరు? అర్ధరాత్రి నొప్పులు వచ్చినచో వాహనమేది? 108 రాక ఆలస్యమైనచో మారు ఏర్పాటేమి? రక్తమిచ్చువారెవరు? ఇంట మిగిలిన పిల్లలను చూచువారెవరు? మునుపు సిజేరియన్ అయినవారు, కవలలు గలవారు, బిడ్డ అడ్డము తిరిగినవారు, రక్తపోటు, చక్కెర, తీవ్ర రక్తహీనత గలవారు ఇంటి పురుడు తలపెట్టనే రాదు. తలనొప్పితో చూపు మసకబారుట, మొగము ఉబ్బుట, ఫిట్సు వచ్చుట, బిడ్డ కదలిక తగ్గుట, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోవుట కనబడినచో శకునము, వర్జ్యము చూడక బయలుదేరవలెను.

ఇక సహజ ప్రసవపు కోరిక మాట. ఇంటి పురిటిలోని మంచిని ఆసుపత్రికి తీసికొనిపోవచ్చును. తల్లియో అత్తయో ప్రక్కన నుండుట, నొప్పులలో నడచుట, తనకు అనువైన రీతిని కూర్చుండి కనుట, తొందరపెట్టకుండుట, పుట్టిన గంటలోపున బిడ్డకు చనుబాలు పట్టుట, ఇవన్నియు వైద్యమునకు విరుద్ధములు కావు. 2017లో ఆరంభమైన ‘లక్ష్య’ పథకము ప్రభుత్వ ప్రసూతిగృహములందు తోడు మనిషిని ఉండనీయవలెనని చెప్పుచున్నది. ఆ యేటనే తెలంగాణమున నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలయ్యెను. 2018లో భారత ప్రభుత్వము దేశమంతటికి మార్గదర్శకములను వెలువరించెను. ఇట్టి మిడ్‌వైఫులు ప్రతి మండలమునందు నిలిచిననాడు పూర్వపు మంత్రసాని ఓర్పును, నేటి వైద్యుని విజ్ఞానమును ఒక్క చేతిలోనే లభించును. కోత ఎందుకని వినయముగా అడుగుటకు తల్లికి హక్కు కలదు. అవసరమైననాడు దానిని ఆలసింపక అంగీకరించుటయు ఆమె విజ్ఞతయే.

గ్రంథాలయము చేయదగిన పని ఒకటి కలదు. గర్భిణికి ఇచ్చు తల్లీబిడ్డల రక్షణ కార్డును పెట్టెలో దాచువారే పెక్కుమంది. చదువు వచ్చిన బాలబాలికలు దానిని తీసి, ఇంటి పెద్దలకు, ముఖ్యముగా అత్తలకు, వినిపింతురు గాక! అందులోని నాలుగు అక్షరములు వేళకు చదివిన ఇంట తల్లి నిలుచును, బిడ్డ నిలుచును. గ్రామమున అక్షరము నాటిన గ్రంథాలయమునకు అంతకు మించిన రజతోత్సవము లేదు.