గోడకుర్చీ, మేకు, నేనన్న మాట

పామర్‌స్టన్ నార్త్ నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ కన్‌స్ట్రక్షన్ సైటులో సూపర్‌వైజర్ని. ఐటీఐ చదివినవాణ్ని, డాక్టర్ని కాదు, ముందే చెప్పేస్తున్నా. ఒళ్లు నొప్పులతో పనిచేసేవాళ్ల మధ్య పాతికేళ్లుగా ఉంటున్నాను, ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

మన బళ్లలో గోడకుర్చీ వేయించేవారు, గుర్తుందా? వీపు గోడకి ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టు మోకాళ్లు మడిచి కూర్చోవడం. మాస్టారు "వెయ్యరా" అనేసరికే మనకి తొడలు మండేవి. సరిగ్గా అదే గోడకుర్చీని డెన్మార్క్‌లో 83 మంది చేత మూడు నిమిషాలు వేయించారు. 2020లో అచ్చయింది ఆ పరిశోధన. మామూలుగా వ్యాయామం చేశాక కాసేపు ఒంటికి నొప్పి తెలియడం తగ్గుతుంది. వీళ్లు ముందుగా జనాన్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి, ఇది చేస్తే నొప్పి తగ్గుతుందన్నారు. ఇంకో గుంపుకి, పెరుగుతుందన్నారు. మూడో గుంపుకి ఎటూ చెప్పలేదు. తర్వాత తొడ మీద పరికరంతో నొక్కుతూ, ఎంత ఒత్తిడి దగ్గర నొప్పి మొదలవుతుందో కొలిచారు. మంచిమాట విన్నవాళ్లు ముందుకన్నా సుమారు 22 శాతం ఎక్కువ ఒత్తిడికి తట్టుకున్నారు. చెడ్డమాట విన్నవాళ్లకి ఆ లాభమే లేదు. అదే గోడ, అవే మూడు నిమిషాలు.

ఇది తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కన్నా ముందు సిగ్గేసింది. ఎందుకో చెప్తాను.

కిందటేడు మా సైటుకి కొత్తగా ఒక కుర్రాడొచ్చాడు, గుంటూరు వైపు వాడు. మొదటిరోజే అన్నాను: "తమ్ముడూ, ఫస్ట్ వారం నడుం విరిగిపోద్ది, రాత్రిళ్లు నిద్ర కూడా పట్టదు, కాస్కో." ధైర్యం చెబుతున్నాననే అనుకున్నా. నేను కొత్తలో ఉన్నప్పుడు మా మేస్త్రీ నాకు అలాగే చెప్పాడు మరి. ఆ రెండ్రోజులూ వాడు మోసింది సెంట్రింగ్ చెక్కలే, అవీ పెద్ద బరువైనవి కావు. మూడోరోజు పొద్దున్నే ఫోను: "అన్నా, మంచం మీంచి లేవలేకపోతున్నా." మళ్లీ రాలేదు. వాడు నాటకమాడాడని అప్పుడు నలుగురిలో అనేశాను కూడా.

నాటకం కాదండీ. మా పనివాళ్లందరికీ తెలియాల్సిన కేసు ఒకటుంది. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 29 ఏళ్ల బిల్డర్ ఒకతను 15 సెంటీమీటర్ల మేకు మీదకి దూకాడు. మేకు బూటులోంచి పైకొచ్చేసింది. కాస్త కదిపినా ప్రాణం పోయేంత నొప్పి. ఆసుపత్రిలో మత్తుమందులిచ్చి మేకు లాగి, బూటు విప్పి చూస్తే, అది కాలి వేళ్ల సందులోంచి పోయింది. పాదానికి గాయమే లేదు! విని నవ్వుతాం. కానీ అతనికి పుట్టింది నిజం నొప్పే. కన్ను మేకుని చూసింది, కాలు పోయిందని మెదడు లెక్కేసింది.

మంచివైపు కూడా ఇలాగే పనిచేస్తుంది. నొప్పి తగ్గుతుందని గట్టిగా అనుకుంటే ఒంట్లోనే మార్ఫిన్ లాంటి పదార్థాలు ఊరతాయట. పన్ను తీయించుకున్నవాళ్ల మీద 1978లోనే దీన్ని పరీక్షించారు.

నా సంగతే చూడండి. స్కాన్ తీసి ఒకాయన "మోకాలు అరిగిపోయింది" అన్నాడు. అరిగిపోయింది అన్న మాట ఎంత చెడ్డదో! బేరింగ్ అరిగిపోతే పారేస్తాం కదా. రెండేళ్లు నడక మానేశా. సాయంత్రాలు మనవటూ నది ఒడ్డున నడుస్తూ హే ఆరా కోటాహి వంతెన దాటి వచ్చేవాణ్ని, అదీ పోయింది. ఒళ్లు పెరిగింది, షుగరొచ్చింది. అలాంటివాణ్ని, ఊరెళ్లినప్పుడు అమ్మ తిరుమలకి అలిపిరి మెట్లదారిన బయల్దేరదీసింది. 3550 మెట్లు. "గోవిందా అనుకుంటూ ఎక్కరా, మోకాలి సంగతి ఆయన చూసుకుంటాడు" అంది. నొప్పి రాలేదా అంటే వచ్చింది. చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర బాగానే వచ్చింది. కాకపోతే చుట్టూ అందరికీ వస్తోంది, అందరూ ఎక్కుతున్నారు. ఏదో విరిగిపోతోందన్న భయం లేదు. తిరిగొచ్చాక వంతెన దాకా నడక మళ్లీ మొదలుపెట్టా.

అలాగని మంచిమాటతో అన్నీ పోవు. వాపొచ్చినా, తిమ్మిరెక్కినా, గుండెలో పట్టేసినట్టున్నా వెంటనే చూపించుకోవాల్సిందే. ఇక్కడ దెబ్బ తగిలితే ఏసీసీ కింద ఫిజియోకి సాయం ఉంది, వాడుకోండి. నొప్పి అన్నవాడితో "అంతా నీ బుర్రలోనే ఉంది" అనకండి.

ఇప్పుడు కొత్తవాళ్లకి ఇలా చెబుతున్నా: "మొదట్లో కండరాలు పట్టేస్తాయి. పని అలవాటయ్యే కొద్దీ సర్దుకుంటాయి. పొడిచినట్టుంటే మాత్రం అది వేరు, ఆపేసి నా దగ్గరికి రా." ఇందులో అబద్ధం లేదు, బెదిరింపూ లేదు.

మొన్న ఆ గుంటూరు కుర్రాడికి ఫోన్ చేశాను. తప్పు నాదేనని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాటకమన్నావంట కదన్నా, అదే ఎక్కువ నొప్పెట్టింది" అన్నాడు.