పరదేశ విద్యయు, ఇంటి భాషయు

(కెంచార్లహళ్ళి సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన ఇండ్ల నుండి పైచదువులకై దూరదేశములకు వెళ్ళనున్న పిల్లలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్ము కోరిరి. ఆశీర్వచనములు వారే చేసియున్నారు. మేము ఒక జపాను బాలిక వృత్తాంతమును చెప్పి, అందుండి మనము నేర్వదగిన దానిని మనవి చేసెదము.

జపాను మన ప్రాంతమువారికి క్రొత్త పేరు కాదు. మన పొరుగున ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1898లోనే జపానుకు వెళ్ళి, అచ్చటి విద్యను, పరిశ్రమలను స్వయముగా చూచి వచ్చిరి. వారి పూర్వులు ఆంధ్రదేశములోని మోక్షగుండం గ్రామము నుండి వచ్చినవారు. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరైనది. వారు దివానుగా నున్న కాలముననే, 1916లో, మైసూరు విశ్వవిద్యాలయము వెలసినది. మన కాలమున, సంగారెడ్డి సమీపమున కందిలోనున్న హైదరాబాదు ఐ.ఐ.టి. జపాను సహాయముతో పెరిగినది. అచ్చటి విద్యార్థులు ఉపకారవేతనములపై జపాను విశ్వవిద్యాలయములకు వెళ్ళి చదివిరి. నేడు ఇతరులకు విద్య నొసగుచున్న ఆ దేశమే ఒకప్పుడు తన పసిపిల్లలను విద్యకై పరదేశమునకు పంపినది.

1871 డిసెంబరులో ఇవకురా రాయబార బృందముతో కూడ ఐదుగురు బాలికలు యొకొహామా రేవున అమెరికా ఓడ నెక్కిరి. వారిలో కడపటి పిల్ల త్సుదా ఉమెకొ. ఆమెకు అప్పటికి ఏడేండ్లు నిండలేదు. పదేండ్లు చదివి రావలెనని ప్రభుత్వము చేసిన ఏర్పాటు. ఇద్దరు బాలికలు అనారోగ్యముచే త్వరలోనే తిరిగిపోయిరి. ఉమెకొ వాషింగ్టను చెంత లాన్మన్ దంపతుల ఇంట పెరిగెను. పిల్లలు లేని ఆ దంపతులు ఆమెను కన్నబిడ్డవలె సాకిరి. ఆంగ్లము, లాటిను, ఫ్రెంచి, సంగీతము అన్నియు నేర్చెను.

1882లో ఆమె స్వదేశము చేరునప్పటికి పదునెనిమిదవ యేడు నడచుచుండెను. పుట్టిననాటి భాష దాదాపుగా మరచిపోయెను. కన్నతల్లితో మాటాడుటకు మరియొకరి సాయము వలసివచ్చెను. నేలపై కూర్చుండుట మొదలు అన్నియు తిరిగి నేర్వవలసివచ్చెను. మనసులోని మాటలను ఆంగ్లమున వ్రాసి, సముద్రమున కావలనున్న పెంపుడుతల్లికి పంపుకొనుచుండెను. తల్లి ఎదుటనే యుండగా మనసు విప్పుటకు భాష లేకపోవుట ఎంతటి కష్టమో, బిడ్డలను కన్నవారికి మేము చెప్పవలసిన పని లేదు.

అయినను పరదేశ విద్య చెడ్డదనుటకు మేము ఈ వృత్తాంతమును చెప్పుట లేదు. ఉమెకొ తన భాషను పట్టుదలతో మరల నేర్చి, 1885 నుండి ఉన్నతవంశపు బాలికల పాఠశాలలో బోధించెను. 1889లో రెండవమారు అమెరికాకు వెళ్ళి, బ్రిన్ మార్ కళాశాలలో జీవశాస్త్రము చదివెను. కప్పగ్రుడ్డును గూర్చి ఆచార్యుడు మోర్గన్‌తో కలసి ఆమె చేసిన పరిశోధన 1894లో అచ్చయ్యెను. తనవలె జపాను స్త్రీలు అమెరికాలో చదువుటకై అచ్చటనే విరాళములు ప్రోగుచేసి ఒక నిధిని ఏర్పరచెను. 1900లో పదిమంది విద్యార్థినులతో ఆమె టోక్యోలో ప్రారంభించిన పాఠశాలయే నేటి త్సుదా విశ్వవిద్యాలయము. 2024 నుండి జపాను ఐదువేల యెన్నుల నోటుపై ఆమె ముఖమే అచ్చగుచున్నది.

ఒకే మనిషి, ఒకే దేశమునకు రెండుమారులు వెళ్ళెను. మొదటి ప్రయాణము ఆమెను తన ఇంటికే పరాయిదానిని చేసెను. రెండవది ఆమె దేశమునకే ఒక గురువు నిచ్చెను. మొదటిమారు ఆమె చేత ఇంటి భాష లేదు. రెండవమారు అది ఉన్నది. మా బుద్ధికి తోచిన భేద మిదియే.

ఇక మన సంగతి. మనము తరతరములుగా ఇచ్చట నున్నవారము. కన్నడము మనకు అన్నము పెట్టు భాష, మన పిల్లల బడి భాష. దానిపై మనకు గౌరవమే గాని ఫిర్యాదు లేదు. కాని తెలుగు మన ఇండ్లలో నాలుకపై నిలిచి, చేతివ్రాతలో సన్నగిల్లుచున్నది. కైవార తాతయ్యగారి తెలుగు కీర్తనలను పాడగలిగియు, తెలుగు లిపిలో చదువలేని పిల్లలు మనలో ఎందరో ఉన్నారు.

మా ఇంటి లోపమును దాచుకొనము. మా తల్లిగారు పోయిన పిమ్మట అటకపై ఒక నోటుపుస్తకము దొరకినది. మంగళహారతులు, పెండ్లిపాటలు, ఊరగాయల కొలతలు, ఇచ్చిపుచ్చుకొనిన లెక్కలు తెలుగులో వ్రాసియున్నవి. మా మనుమలు దానిని తిరగేసి, “ఇందులో ఏమున్నది, తాతా?” అని అడిగిరి. ఆ తప్పు వారిది కాదు, మాది. ఉమెకొ ఉత్తరములును 1984లో ఆమె కళాశాల అటకపైననే దొరకినవి. వానిని చదివి అచ్చువేయువా రుండిరి. మా తల్లిగారి పుస్తకమునకు మా తరువాత చదువరి ఎవరు?

“బడిచదువు, ఇంగ్లీషు, పరీక్షలు, వీని నడుమ తెలుగున కేదీ సమయము?” అని తల్లిదండ్రు లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని కన్నడ తెలుగు లిపులు తోబుట్టువులు. ఒకే మూలము నుండి వచ్చినవి. కన్నడ అక్షరములు వచ్చిన పిల్లకు తెలుగు అక్షరములు పట్టువడుట కొలది వారముల పని. బడి వలదు, రుసుము వలదు. ఆదివారమున ఒక గంటసేపు తాతయో అవ్వయో ప్రక్కన కూర్చుండిన చాలును.

దూరదేశమునకు వెళ్ళు పిల్లలారా! నిర్భయముగా వెళ్ళుడు, అచ్చటి భాషను అచ్చటివారివలె నేర్వుడు. ఫోనులో మాటాడుట సులభమే. అయినను నెలకొకమారు ఇంటికి తెలుగులో ఒక ఉత్తరము వ్రాయుడు. తప్పులున్నను సరియే. దిద్దుటకు ఇచ్చట మే మున్నాము. మే మీ ఆదివారమే మా మనుమలకు ఓనమాలు ప్రారంభించుచున్నాము. మీ ఇండ్లలోను అట్లే జరుగుగాక.

సెలవు.