కాలికీ చక్రానికీ నడుమ ప్రోగ్రాం
(ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక కాఫీ దగ్గర హోసూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరుగారొకరు అడిగారు: "మా పాప కార్లకు ప్రోగ్రాం రాసే చదువు చదువుతానంటోంది సార్. బ్రేకు, స్టీరింగు కంప్యూటరుకిస్తే, దానికి మతి తప్పిన రోజు లోపలుండే మనిషి గతేమి?" రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి దీనికే జవాబు చెబుతాను.

అన్నా, సగం జవాబు మీ లారీలోనే ఉంది. ట్యాంకుల్లో గాలి పూర్తిగా పోతే ఏమవుతుంది? స్ప్రింగు బ్రేకు పట్టేసి బండి నిలిచిపోతుంది. గాలి ఉన్నంతసేపే ఆ స్ప్రింగు అణగి ఉంటుంది. అంటే చెడినా, ఆగే వైపుకే చెడేలా కట్టారు.

స్టీరింగుకు ఆ సౌకర్యం లేదు. వేగంలో బిగుసుకున్నా ముప్పే, వదులైనా ముప్పే. అందుకే 2013లో ఇన్ఫినిటీ క్యూ50 కారుకు వైర్ల మీద నడిచే స్టీరింగు పెట్టినప్పుడు, ఒకదాన్నొకటి కనిపెట్టే మూడు కంప్యూటర్లు పెట్టి, అవి చాలవని పాత కడ్డీని కూడా ఉంచారు. మామూలుగా దాని క్లచ్ విడిపోయి ఉంటుంది, ఎలక్ట్రానిక్సు తప్పితే కలుసుకుంటుంది. ఇంత చేసినా 2016లో స్టీరింగు ప్రోగ్రాం సరిచేయడానికి ఆ కార్లను వెనక్కి పిలవక తప్పలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2010 నాటి టయోటా ప్రియస్ సంగతి. అందులో బ్రేకు నొక్కితే మోటారే జనరేటరుగా మారి వేగం తగ్గిస్తుంది, అవసరాన్నిబట్టి నూనె బ్రేకు తోడవుతుంది. గతుకుల మీదో మంచు మీదో చక్రం జారి ఏబీఎస్ అందుకుంటే, ఆ మార్పిడిలో ఒక్క క్షణం పట్టు తప్పినట్టయ్యేది. ఏ భాగమూ విరగలేదు. ప్రోగ్రాం రాసినట్టే నడిచింది, కాలు కోరినట్టు నడవలేదు. ఆ ఫిబ్రవరిలో ప్రియస్‌తో కలిపి సుమారు 4,37,000 హైబ్రిడ్ కార్లను పిలిచి ప్రోగ్రాం మార్చారు.

మేలూ ఉంది. 2018లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షలో టెస్లా మోడల్ 3 గంటకు 60 మైళ్ళ వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు పట్టింది. కంపెనీ దూరం నుంచే కొత్త ప్రోగ్రాం పంపాక 133 అడుగులైంది. పందొమ్మిది అడుగులంటే రోడ్డు దాటే ఒక కుటుంబం! కానీ ఇంటి ముందు నిలిపిన బండిని రాత్రికి రాత్రి బాగుచేయగల దారి, పాడుచేయడానికీ దారే. కొత్త ప్రోగ్రాంను పంపేముందు ఎవరు, ఎన్ని రోడ్ల మీద పరీక్షించారన్నదే నా ప్రశ్న.

ఇందుకే 2011లో ఐఎస్‌ఓ 26262 ప్రమాణం వచ్చింది. ప్రమాద తీవ్రతను ఏ నుంచి డి దాకా వర్గీకరిస్తుంది. డి అన్నిటికంటే కఠినం. ఆ స్థాయిలో రాసినవారే తమ పనిని తనిఖీ చేసుకుంటే చెల్లదు. పాపా, ఆ తనిఖీ ఉద్యోగానికి పేరు తక్కువ, పని ఎక్కువ. నాకు మాత్రం అదే ఇష్టం.

ఈ సెలవుల్లో నాన్నగారినడిగి లారీ కింద ఆ స్ప్రింగు బ్రేకు ఛాంబరు చూడు. చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టాకే సుమా. విప్పబోకు, ఆ స్ప్రింగు ఎగిరితే ప్రాణం తీస్తుంది.