వృద్ధుల హక్కుధనము – పైరవీకారుల బెడద

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సంఘము ఏటేట విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఆలోచించుచున్నది. ఇవి యన్నియు రాబోవు తరమునకు సంబంధించినవి. నేడు మేము మనలను పెంచి పెద్దచేసిన తరమును గూర్చి కొంత మనవి చేయదలచినాము. మన యిండ్లలోని ముసలివారికి న్యాయముగా రావలసిన సొమ్ము వారి చేతికి చేరులోపలనే మూడవవాని చేతిలో తరిగిపోవుచున్నది. ఈ మూడవవానిని మన ప్రాంతమున పైరవీకారు డందురు, దళారి యందురు. పేరేదైనను పని యొక్కటియే. ఉచితముగా దొరకెడి దానిని వెలకు అమ్ముట.

ఈ బెడద ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దున నింతగా ప్రబలుటకు కారణము కలదు. ఈ సీమలో కచేరీలు స్థిరముగా నుండలేదు. భద్రాచలము పూర్వము మదరాసు రాజధానిలోని ఏజెన్సీ భాగము. ఖమ్మము నైజాము రాజ్యములోనిది. 1959వ సంవత్సరమున భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము చింతూరు, కూనవరము, వర రామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, భద్రాచలము గ్రామము మినహా ఆ మండలమును, బూర్గంపాడు మండలములోని కొన్ని గ్రామములును ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. 2022లో చింతూరు, కూనవరముల ప్రాంతము అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికిని, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోనికిని పోయినవి. కదలక ఒకే యింట నున్న ముదుసలికి ఇన్ని కచేరీలు మారినవి. తన భూమి కాగితము ఏ యూరి బీరువాలో నున్నదో ఆమె కేమి తెలియును? తెలియని యా చోటనే పైరవీకారునకు ఉపాధి దొరకినది.

ఈ రోగము క్రొత్తది కాదు. ఏజెన్సీవాసుల యజ్ఞానమును ఆసరా చేసికొని అధికవడ్డీలు గుంజువారినుండియు, భూములు వ్రాయించుకొనువారినుండియు వారిని కాపాడుటకై 1917లోనే మదరాసు ప్రభుత్వము ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టమును చేసినది. తరువాత 1959లో భూబదలాయింపు నిబంధనయు, 1970లో దాని సవరణయు వచ్చినవి. చట్టములు వచ్చినవి, కాని వేలిముద్ర వేయించుకొనువాడు మాత్రము వేషము మార్చుకొని నిలిచియున్నాడు. ఆనాడు వడ్డీలెక్కల పుస్తకముతో వచ్చెడివాడు. నేడు ప్లాస్టికు సంచిలో దరఖాస్తు ఫారములతో వచ్చుచున్నాడు. ఇంగ్లండు వంటి దేశమున నీ వ్యాపారమును కంపెనీలే నడపుచున్నవి. అడుగకయే టెలిఫోనుచేసి పరిహారమిప్పింతుమని జనులను వేధించుటను అచ్చట 2018లో చట్టముచే నిరోధింపవలసి వచ్చినది.

వాని పద్ధతిని గమనింపుడు. కుమారుడు హైదరాబాదున నుండును. కోడలు కూలికి పోవును. ముసలామె యరుగుమీద నొంటరిగా గూర్చుండియుండును. అతడు వచ్చి "పెద్దమ్మా" యని పిలుచును, మంచినీళ్లడుగును, చనిపోయిన పెదనాయనను తలచుకొని నిట్టూర్చును. తరువాత "నేడే గడువు, రేపైనచో సొమ్ము మురిగిపోవు"నని తొందరపెట్టును. పాసుపుస్తకము, ఆధారు కార్డు, బ్యాంకు కార్డు "జిరాక్సుకై" తీసికొనిపోవును. వ్రాతలేని బాండుకాగితముమీద, ఖాళీ చెక్కుమీద, ప్రామిసరీ నోటుమీద వేలిముద్ర వేయించును. సొమ్ము పడిననాడు తానే ఆమెను బ్యాంకునకు వెంటబెట్టుకొని పోవును. ఆమె మరల నింటికి వచ్చునప్పటికి నూటికి ఇరువదియో, ముప్పదియో అతని జేబులో నుండును. బిడ్డలతో చెప్పుట కామెకు సిగ్గు. అడిగినవారితో "పాపము, అతడు తిరిగినాడు" అనును. ఆ తిరుగుడు మనము తిరుగవలసినది కదా!

ఇక నే సొమ్మునకు ఏ మార్గమో వివరింతుము.

మొదటిది భూసేకరణ పరిహారము. 2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము ననుసరించి అవార్డు సొమ్మును కలెక్టరు హక్కుదారుని బ్యాంకు ఖాతాలోనే జమ చేయవలెను. దీనికి మధ్యవర్తి యక్కరలేదు. సొమ్ము చాలదని తోచినచో "అభ్యంతరముతో పుచ్చుకొనుచున్నాను" అని వ్రాసి తీసికొనవచ్చును. అట్లు వ్రాయక పుచ్చుకొన్నవారికి ఎక్కువ కొరకు దరఖాస్తు పెట్టు హక్కు పోవును. అవార్డు సమయమున హాజరైయున్నవారు ఆరు వారములలో దరఖాస్తు చేసికొనవలెను. ఈ చిన్న వాక్యమును మన పెద్దలకు నేర్పినచో వేలరూపాయల పైరవీకంటె నెక్కువ మేలగును.

రెండవది రైతుబీమా. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 14న ఆరంభించిన యీ పథకమున, 18 మొదలు 59 ఏండ్ల లోపలి పట్టాదారుడు మరణించినచో, నామినీకి ఐదులక్షల రూపాయలు జీవితబీమా సంస్థద్వారా చెల్లింపబడునట్లు యేర్పాటు చేయబడినది. పెండ్లికాని కుమారుడు పోయిన యింట నామినీ తల్లియో తండ్రియో యగును. కాగితములను వ్యవసాయ విస్తరణాధికారియే పంపవలెను. ఐదులక్షలలో నూటికి ఇరువది యనగా లక్ష రూపాయలు. కొడుకు పోయిన దుఃఖములో నున్న తల్లివద్ద, ఒక మరణ ధ్రువపత్రము తెచ్చినందుకు లక్ష రూపాయలు! ఇంతకంటె నన్యాయ మేమి కలదు?

మూడవది రోడ్డు ప్రమాద పరిహారము. గ్రుద్ది పారిపోయిన వాహనమేదో తెలియకున్నను, 2022 ఏప్రిలు 1నుండి మృతుని కుటుంబమునకు రెండులక్షలును, తీవ్రముగా గాయపడినవారికి ఏబదివేలును ఇచ్చు పథకము అమలులోనికి వచ్చినది. వాహనము తెలిసిన కేసులు ట్రిబ్యునలునకు పోవును. ఇచ్చటనే "గెలిచినచో నింత పాలు" అను బేరము ఎక్కువగా సాగుచున్నది. ఈ విషయమున సర్వోన్నత న్యాయస్థానము 2017 డిసెంబరు 5న ఇచ్చిన తీర్పును మన మందరము ఎరుగవలెను. మన తెలంగాణమునకే చెందిన యొక స్త్రీ, 1998లో రోడ్డు ప్రమాదమున భర్తను పోగొట్టుకొని పరిహారము పొందినది. న్యాయవాది ఆ మొత్తములో పాలు కోరి, మూడులక్షలకు చెక్కు వ్రాయించుకొని, అది చెల్లకపోగా ఆమెపై కేసు పెట్టినాడు. వచ్చిన సొమ్ములో నింత పాలని రుసుము కోరుట వృత్తిధర్మమునకును ప్రజాహితమునకును విరుద్ధమని న్యాయస్థానము నిర్ణయించి, ఆ కేసును కొట్టివేసినది. పట్టాపుచ్చుకొన్న వకీలునకే లేని హక్కు సంతలో తిరుగు పైరవీకారున కెట్లు వచ్చును?

"మరి బీదవారు వకీలును ఎట్లు పెట్టుకొందురు?" అని యడుగుదురు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వికలాంగులకును, వరదబాధితులకును ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించినది; 1986లో 75 అడుగులు దాటినది. వరదబాధితులని చట్టము చెప్పినప్పుడు ఆ మాట మనకెంత దగ్గరిదో వేరుగ చెప్పనక్కరలేదు. 15100 అను టెలిఫోను నంబరునకు న్యాయసహాయముకొరకును, 14567 అను నంబరునకు వృద్ధుల కష్టములు చెప్పుకొనుటకును పిలువవచ్చును.

అపాయము వెలుపలినుండియే వచ్చునని యనుకొనరాదు. కొన్నియెడల మనుమడో, మేనల్లుడో పైరవీకారునితో చేయి కలుపుచున్నాడు. పోషింతునని ఆస్తి వ్రాయించుకొని పోషింపనివాని దస్తావేజును రద్దుచేయించుటకు 2007వ సంవత్సరపు తలిదండ్రుల పోషణ చట్టములో 23వ సెక్షను దారి చూపుచున్నది. దస్తావేజులో పోషణ షరతును స్పష్టముగా వ్రాయించుకొనవలెను.

ఇంకొకమాట చేదుగా నుండును. అయినను చెప్పక తప్పదు. ఈ పైరవీకారులలో మన కులమువారును కలరు. పరాయివానికి తలుపు తీయని ముసలివారు "మనవాడే" యని నమ్మి సంతకము చేయుచున్నారు. కులాభిమానమును వలగా చేసికొన్నవాడు కులమునకు బంధువు కాడు. అట్టివాడు మన సభకు విరాళమిచ్చినను, ముందువరుసలో గూర్చున్నను, అతని పని మంచిపని కానేరదు. పోషకులగు పెద్దలు ఈ మాటకు కోపగింపరని మా నమ్మకము.

కావున ఈ మహాసభ ముందు నాలుగు సూచనలు ఉంచుచున్నాము. ఒకటి, ప్రతి గ్రామశాఖయు చదువుకొన్న యిద్దరు యువకులను, సాధ్యమైనచో ఒక యువతిని, పెద్దలకు తోడుగా కచేరీకి పోవుటకు నియమింపవలెను. బస్సు ఖర్చును సంఘనిధి భరింపవలెను. రెండు, ప్రతి కుటుంబము పెద్దల పట్టా, పాసుపుస్తకము, బీమాపత్రము, నామినీ వివరముల ప్రతులను ఒక సంచిలో భద్రపరచి, అసలు కాగితములను ఎవరి చేతికిని ఇయ్యరాదు. మూడు, బయటివాడు తెచ్చిన కాగితమును ఇంటివారొకరు గట్టిగా చదివి వినిపించి, మూడు దినములు గడచినగాని వేలిముద్ర వేయింపరాదు. నిజమైన గడువు కచేరీలో విచారించినచో తెలియును. నాలుగు, మన కులమునందలి వకీళ్లు నెలకొక పూట భద్రాచలమునను, కొత్తగూడెమునను గూర్చుండి వృద్ధుల కాగితములను ఉచితముగా చూడవలెను.

వీనికి కావలసిన ద్రవ్యము స్వల్పము. కావలసిన తీరిక మాత్రము ఎక్కువ. దూరమున నున్న బిడ్డలు నెలనెల పంపు రూపాయలతోపాటు వారమున కొకసారి "ఎవరైన వచ్చిరా? ఏమైన సంతకము అడిగిరా?" అని తలిదండ్రుల నడిగినచో, ఆ ప్రశ్నయే వారికి కాపలా. మన పెద్దలు మనకొరకు ఎన్ని కచేరీల మెట్లు ఎక్కిరో తలచుకొని, వారికొరకు మనమును కొన్ని మెట్లు ఎక్కుదుము గాక!