పానశాలల పొగ వీథిని బడుట



ఐర్లండు దేశమున ‘పబ్బు’ అనబడు పానశాల కేవలము మద్యమమ్ము దుకాణము గాదు. దాని పూర్తి పేరు ‘పబ్లిక్ హౌస్’, అనగా ప్రజల యిల్లు. చావు కబురు, పంట ధర, పందెపు గుఱ్ఱము, రాజకీయము సర్వము నచ్చటనే. తెలుగు పల్లె రచ్చబండకు కప్పు వేసి, కల్లు పోసినచో నెట్లుండునో యట్లని తలపవచ్చును. ఆ కప్పు క్రింద తరతరములుగా పొగ దట్టముగ నలముకొని యుండెను.

2004వ సంవత్సరము మార్చి 29వ తేదీన ఆ పొగకు సెలవైనది. పానశాలలతో గూడ, మూసియున్న పనిస్థలము లన్నింటను ధూమపానమును దేశమంతటికిని వర్తించునట్లు నిషేధించుటలో ఐర్లండు ప్రపంచమునకు మొదటిది. అతిక్రమించినచో నాడు 3,000 యూరోల వరకు జరిమానా యుండెను. అప్పటి ఆరోగ్యమంత్రి మీహాల్ మార్టిన్.

ఇచట నొక సూక్ష్మము గలదు. ఆ శాసనము పొగ త్రాగువానిని సన్మార్గమున బెట్టుటకు బుట్టినది కాదు. గ్లాసు నందించు పనివానిని గాపాడుటకు బుట్టినది. “నా డబ్బు, నా రొమ్ము, సర్కారున కేమి?” యని త్రాగువా డడుగవచ్చును. బల్ల వెనుక నిలిచి దినమంతయు పరుల పొగ పీల్చువాని రొమ్ము మాట యేమి? పొగ త్రాగని పానశాల సేవకుల లాలాజలమును నిషేధమునకు ముందును వెనుకను పరీక్షింపగా, ఒడలిలో జేరిన పొగాకునకు గుఱుతైన ‘కొటినిన్’ 80 శాతము తగ్గియుండెను. అప్పటి కింకను నిషేధము లేని ఉత్తర ఐర్లండులో తగ్గినది 20 శాతమే. లెక్క యింత తేటగ దేలుట యరుదు.

మఱి పొగ యెచటికి బోయినది? వీథికి. కప్పు లేని చోటను గాని, కప్పున్నను చుట్టుకొలతలో సగమునకు మించి గోడలు లేని చోటను గాని కాల్చుట కనుమతి గలదు. స్థలమున్న యజమానులు పెరళ్లలో పందిళ్లు వేసి, వేడి నిచ్చు దీపములు వ్రేలాడగట్టిరి. పెరడు లేనివారి గిరాకీ వాకిట నిలిచెను. లోపల నొకరినొకరు పలుకరింపనివారు చలిలో అగ్గిపుల్ల యడిగి చెలిమి చేసికొనిరి. పొగకును సరసమునకును ముడివేసి ‘స్మర్టింగ్’ అను మాటయే పుట్టినది! తార్కికులు పొగను జూచి నిప్పు నూహింతురు. డబ్లిన్ నగరమున వాకిటి గుంపును జూచి పానశాల నూహింప వలసివచ్చెను. మేడమీద నిద్రించువారికి మాత్ర మీ సరస మంతగ రుచింపదు. అర్ధరాత్రపు నవ్వులు వారి కిటికీకి, సిగరెట్టు పీకలు వారి గడపకు.

పల్లెలో వేఱొక కథ. ఒక గ్లాసు ముందుంచుకొని, పైపు వెలిగించి, రెండు గంటలు గడపు ఒంటరి ముదుసలి రైతు వానలో నిలువలేడు. అట్టివా డింటనే చిక్కిపోవునని పబ్బుల వారు మొఱ పెట్టిరి. అది కొట్టిపాఱవేయదగిన మాట గాదు. కాని పల్లె పబ్బులు మూతబడుటకు మద్యము సేవించి బండి నడపువారిపై బిగిసిన తనిఖీలు, పెద్ద దుకాణములలో చౌకసీసాలు, 2008 నాటి ఆర్థిక మాంద్యము గూడ దోహదము చేసినవి. ఆ నష్టమంతయు నొక్క నిషేధపు ఖాతాలో వ్రాయుట తప్పు పద్దు. ముదుసలికి వాన తడియని పందిరి వేయవచ్చును. సేవకునికి వేఱొక రొమ్ము తేజాలము.

భారతదేశమున 2008 అక్టోబరు 2వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన నిబంధనలు 30 మంది కూర్చుండు భోజనశాలలలో పొగకు ప్రత్యేకపు గది నుంచుకొన నిచ్చినవి. ఆ గదిలోనికి పళ్లెము మోసికొని పోవువా డెవడు? 2017లో గాని అచ్చట వడ్డన జరుగరాదను సవరణ రాలేదు.