ఐసీయూ బయట మన నిర్ణయాలు



ఈ వేదిక మీద మనం ఎప్పుడూ నీళ్ళు, నిధులు, ఎన్నికలు అంటూ మాట్లాడుకుంటాం. ఈసారి చావు గురించి మాట్లాడతానంటే కార్యవర్గంలో ఒకరిద్దరు మొహం చిట్లించారు. కానీ ఈ హాల్లో చాలామంది అమ్మానాన్నలు డెబ్భై దాటి, అక్కడ ఒంటరిగా ఉన్నవాళ్ళే. ఇది కూడా మన రాజకీయమే. నేను డాక్టర్ని కాదు, మీలాగే సాఫ్ట్‌వేర్ వాణ్ణి. చదివి, అడిగి తెలుసుకున్నదే చెబుతాను.

ఆగిన గుండెను ఛాతీ నొక్కి మళ్ళీ కొట్టించే పద్ధతిని 1960లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు ప్రకటించారు. నిన్నటిదాకా తిరిగిన మనిషికి హఠాత్తుగా గుండె ఆగితే అది ప్రాణదానమే. కాన్సర్ ఒళ్ళంతా పాకి, కిడ్నీలు, ఊపిరితిత్తులు చేతులెత్తేశాక ఆగిన గుండె సంగతి వేరు. నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి, గొంతులో గొట్టం పడుతుంది, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. టీవీ చూసి మనకి వేరే అభిప్రాయం ఏర్పడింది. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికన్ టీవీ కార్యక్రమాల మీద లెక్క వేస్తే, తెర మీద నూటికి 67 మంది బతికి ఇంటికి వెళ్ళిపోయినట్టే కనిపించింది! అసలు ఆస్పత్రులు దానికి దరిదాపుల్లో లేవు.

'నొక్కవద్దు' అనడం చంపడమేనా? కాదని నా అభిప్రాయం. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మన దేశంలో నేరం. 2004లో హైదరాబాద్ చెస్ ఆటగాడు వెంకటేశ్, కండరాల క్షీణతతో మంచాన పడి, అవయవాలు పనికొచ్చేలా ముందే కన్నుమూయనివ్వమన్నాడు. హైకోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబర్‌లోనే అతను పోయాడు. అది వేరే ప్రశ్న, ఇంకా కష్టమైన ప్రశ్న. నేను చెప్పేది జబ్బు తన దారిన ముగుస్తున్నప్పుడు అడ్డుపడకుండా ఉండటం గురించి. 2020లో ఐసీఎంఆర్ ఇచ్చిన మార్గదర్శకాలూ అదే చెబుతాయి. ఛాతీ నొక్కడం ఒక్కటే మానేస్తారు. నొప్పికి మందు, ఆక్సిజన్, మిగతా వైద్యం ఆగవు.

ఇక మన సంగతి. అమెరికన్ డాక్టర్లు 'కాలిఫోర్నియా కూతురు' అని ఒక మాట వాడతారు. ఏళ్ళ తరబడి దూరంగా ఉండి, ఆఖరి రోజుల్లో దిగి, 'అన్నీ చేయాల్సిందే' అని పట్టుబట్టే బిడ్డ అన్నమాట. (కాలిఫోర్నియాలో అయితే 'న్యూయార్క్ కూతురు' అంటారట!) ఆ కూతురు, ఆ కొడుకు మనమే. 'నా ఫ్లైట్ దిగేదాకా ఎలాగైనా నిలపండి' అని ఫోన్లో అంటాం. అది ప్రేమే, కాదనను. కానీ ఆ రెండు రోజుల బాధ పడేది మనం కాదు. పక్కన కూర్చుని చూసే అక్కో బావో 'చాలు' అనలేరు, రేపు మన చేత మాట పడాలి కదా.

అయితే ఒక హెచ్చరిక. మన దగ్గర ఎంతోమంది వెంటిలేటర్ మీంచి దిగేది డబ్బు అయిపోయి. 'డాక్టర్ మాట కాదని తీసుకెళ్తున్నాం' అని సంతకం పెట్టించుకుంటారు, నొప్పి మందు కూడా లేకుండా దారిలోనే ప్రాణం పోతుంది. దాన్ని గౌరవమైన మరణం అంటే నేను ఒప్పుకోను. బతికే అవకాశమున్న పేదవాడిని దించడమూ, అవకాశం లేని ఉన్నవాడిని బిల్లు కోసం నొక్కుతూ పోవడమూ రెండూ అన్యాయమే. ఈ ఫోరం ఈ రెంటి మీదా మాట్లాడాలి.

చట్టం దారి ఇచ్చింది. కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించడం 21వ అధికరణంలో భాగమంది, ముందస్తు వీలునామాని ఒప్పుకుంది. మెజిస్ట్రేట్ సంతకం కావాలనడంతో అది కాగితం మీదే మిగిలింది. 2023 జనవరిలో సడలించారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలు. తన తరఫున మాట్లాడేవాళ్ళని ఒకరికంటే ఎక్కువమందిని రాసుకోవచ్చు. తర్వాత ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు చూస్తుంది, దాని మీద రెండో బోర్డు. రెండోదానిలో ఒక డాక్టర్ని జిల్లా వైద్యాధికారి నామినేట్ చేయాలి. మీ జిల్లాలో ఆ పేరు ఉందా? లేకపోతే అర్ధరాత్రి ఎవరిని వెతుకుతారు? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖలకి జిల్లాలవారీగా ఈ ఒక్క ప్రశ్నతో ఉత్తరాలు రాయాలని ప్రతిపాదిస్తున్నాను.

ఉత్తరం నమూనా తలుపు దగ్గర బల్ల మీద ఉంది. వచ్చే ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మని, నాన్నని కూడా అడగండి. మొదటిసారి తిడతారు. రెండోసారి అడగండి.