దవడ వాచినప్పుడు ఎక్కడికి పోవాలి?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఫీజులు, పెళ్లిళ్లకు సాయం, ఖబరస్తాన్ గోడ వంటి పెద్ద విషయాలుండగా పంటి నొప్పి మీద ప్రసంగమా అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, ఫరవాలేదు. కాని మన ఇళ్లలో కాలు విరిగితే వెంటనే ఆటో మాట్లాడుకొని వనపర్తి పోతాము. పన్ను సలిపితే మాత్రం లవంగం పెట్టుకొని, మందుల దుకాణంలో రెండు గోళీలు కొని మింగి పడుకుంటాము. ఆ రెండు గోళీల వద్దనే చిక్కంతా ఉన్నది.

పన్ను లోపల నరము, రక్తనాళాలు ఉండే మెత్తని భాగం ఉంటుంది. పిప్పి లోతుకు దిగి దాన్ని తాకినప్పుడు ప్రాణం పోయేటంత సలుపు పుడుతుంది. కొన్నాళ్లకు ఆ నరం చచ్చిపోతుంది, నొప్పి ఆగుతుంది. అల్‌హందులిల్లాహ్, తగ్గిందనుకుంటాము. తగ్గలేదు. చచ్చిన భాగంలో క్రిములు పెరిగి, వేరు కొన దగ్గర ఎముకలో చీము పడుతుంది. ఒకరోజు తెల్లవారేసరికి దవడ ఉబ్బి ఉంటుంది. గోళీలు వాపును కొంత అణచగలవు. కాని పన్ను లోపల రక్తమే పారనప్పుడు మందు అక్కడికి ఎట్లా చేరుతుంది? అందుకే వాపు నెలకో, రెండు నెలలకో మళ్లీ వస్తుంది. చీము బయటికి తీసి, వేరుకు వైద్యం చేయించాలి, లేదా పన్ను పీకించాలి. అది జరగనిదే జబ్బు పోదు.

పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని మన పెద్దమ్మలు ఇంకా చెబుతుంటారు. అందులో నిజం లేదు. చూపునిచ్చే నరం వేరు, పంటి నరం వేరు. బుగ్గ మీద వేడి కాపడం పెట్టడం కూడా మంచిది కాదు. చీము చర్మం వైపు వచ్చి బుగ్గ మీదనే పగిలితే జీవితాంతం గుంట, మచ్చ మిగులుతాయి. నొప్పి గోళీని చిగురు మీద పెట్టి నొక్కితే చిగురు కాలుతుంది. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లు పుక్కిలించవచ్చు. అది ఉపశమనమే తప్ప వైద్యం కాదు.

ఇక అసలు భయపడవలసిన సంగతి. కింది దవడ వెనుక పళ్ల వేళ్లు లోతుగా దిగి ఉంటాయి. అక్కడి చీము ఒక్కోసారి నాలుక కిందికి, గడ్డం కిందికి, మెడలోకి పాకుతుంది. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు ఈ జబ్బును వివరించాడు. నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పెన్సిలిన్ వంటి మందులు రాకముందు ఇది సోకినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. గడ్డం కింద రెండు వైపులా చెక్కలా గట్టిపడుతుంది, నాలుక పైకి లేస్తుంది, ఉమ్మి మింగలేరు, గొంతు మారుతుంది, పడుకుంటే ఊపిరాడదు. అటువంటప్పుడు తెల్లవారనీ అని ఆగకూడదు. ఆర్‌ఎంపీ సూదితో సరిపెట్టుకోకూడదు. మనిషిని కూర్చోబెట్టే ఉంచి, 108కి ఫోన్ చేసి, ఆ రాత్రే పెద్ద దవాఖానాకు తీసుకుపోవాలి. షుగరు ఉన్నవారికి ఈ వాపు మరీ త్వరగా ముదురుతుంది.

ఒక మాట మా అక్కచెల్లెళ్లతో. మగ డాక్టరుకు నోరు చూపించాలంటే మొహమాటం, ఇంటాయనకు తీరిక లేదనే సంకోచం, రెండూ కలిసి మీలో చాలామంది వాపు ముదిరేదాకా దుపట్టా చాటున దాచుకుంటున్నారు. అత్తగార్లు, భర్తలు ఈ మాట ముఖ్యంగా వినాలి. గర్భిణి అయినా పంటికి వైద్యం చేయించుకోవచ్చు. నెలలు ఎన్నో డాక్టరుకు చెబితే చాలు. రంజాన్ నెలలో వాపు, జ్వరం వస్తే రోగికి రోజా విషయంలో మినహాయింపు ఉన్నది, తర్వాత ఖజా ఉండవచ్చు. సందేహముంటే మౌల్వీ సాహెబును అడగండి గాని మందు ఆపకండి.

దవడ వాపులన్నీ పంటివే కావు. పిల్లలకు చెవి కింద ఉబ్బి జ్వరం వస్తే గవద బిళ్లలు కావచ్చు. సాధారణంగా వారం పది రోజుల్లో పోతాయి. అన్నం ముందు కూర్చోగానే ఉబ్బి, తిన్నాక తగ్గితే లాలాజల గ్రంథిలో రాయి ఉందేమో చూపించాలి. వాపే లేకుండా, నడిచినప్పుడు దవడ లాగి, చెమటలు పట్టి, రొమ్ము బరువెక్కితే అది గుండె సంగతి కావచ్చు. పంటి డాక్టరు దగ్గరికి కాదు, ఈసీజీ తీసే చోటికి పరుగెత్తాలి.

గుట్కా, జర్దా నమిలే తమ్ముళ్లు ఇంటికి పోయి అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే నోటి లోపలి పొర బిగుసుకుంటున్నట్టు. రెండు వారాలు దాటినా మానని పుండు, నొప్పి లేని గట్టి గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, వీటిని అసలే ఉపేక్షించరాదు. నొప్పి లేదు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఎక్కడికి పోవాలి? మామూలు నొప్పికి ముందు మన గోపాల్‌పేట ఆరోగ్య కేంద్రంలో చూపించి, పంటి డాక్టరు ఉన్న చోటికి చీటీ రాయించుకోండి. వాపు, జ్వరం ఉంటే నేరుగా వనపర్తి ప్రభుత్వ దవాఖానా. అక్కడ 2022లో వైద్య కళాశాల కూడా వచ్చింది. మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాల ఉన్నది. దవడ ఎముక దాకా పోయిన కేసులకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాల. క్యాన్సర్ అనుమానమైతే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి. ఆ అక్షరాల వెనుక ఉన్న పేరు మెహదీ నవాజ్ జంగ్. క్యాన్సర్ వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉన్నది. 2007లో ఆ పథకం మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి.

పోయేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, షుగరు చీటీలు, ఇంతకుముందు మింగిన గోళీల ఖాళీ అట్టలు వెంట పెట్టుకోండి. గుండెకు రక్తం పలచబడే మందు వాడుతున్నా, ఏదైనా సూది పడక దద్దుర్లు వచ్చి ఉన్నా, పన్ను పీకకముందే డాక్టరుకు చెప్పాలి. ఆ మందును మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.